వెంట వచ్చే ఇల్లు: దాని చక్రాల సంరక్షణ

అమెరికాలో వేసవి సెలవులు ప్రారంభమైనవంటే రహదారుల మీద ఒక ముచ్చటైన దృశ్యం కానవస్తుంది. ముందు ఒక కారో, చిన్న లారీయో పోతూ ఉంటుంది. దాని వెనుక కొక్కెమునకు తగిలించిన ఇల్లొకటి చక్రాల మీద దొర్లుకుంటూ వస్తుంది. ఆ ఇంటిలో పడకలున్నవి, పొయ్యి ఉన్నది, మంచినీళ్ళ తొట్టి ఉన్నది, స్నానానికి చిన్న గది కూడా ఉన్నది. లేనిదల్లా ఇంజను ఒక్కటే. దీనిని అక్కడివారు ట్రావెల్ ట్రెయిలరు అంటారు. ఇంగ్లండులో కారవాన్ అని వ్యవహరిస్తారు. మనం ట్రెయిలరు అనే చెప్పుకొందాము.

ఇది నిన్న మొన్నటి వేడుక కాదు. 1885లో స్కాట్లండులో పుట్టిన డాక్టర్ గార్డన్ స్టేబుల్స్ అనే రచయిత కేవలం విహారం కోసమే ఒక ఇల్లుబండి కట్టించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టి, రెండు గుర్రాలను పూన్చి ఊరూరా తిరిగినాడు. తరువాత గుర్రాల స్థానంలో మోటారు వచ్చినది. అమెరికాలో 1930ల దశకంలో వాలీ బయం అనే ఆయన విమానాల తీరున అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి, ‘ఎయిర్‌స్ట్రీమ్’ అనే ట్రెయిలర్లను ప్రచారంలోకి తెచ్చినాడు. 1959-60లో అటువంటి ట్రెయిలర్ల బారును కేప్‌టౌను నుండి కైరో వరకు, ఆఫ్రికా ఖండం పొడవునా నడిపించినాడు. 1969లో చంద్రుని మీదికి పోయి వచ్చిన అపోలో 11 వ్యోమగాములను ఇతరులను తాకనీయకుండా మొట్టమొదట ఉంచినది కూడా మార్చి కట్టిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలరులోనే.

ఈనాడు అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో సయితం కొందరు ఇటువంటి ట్రెయిలర్లను కొనియో, అద్దెకు తీసుకొనియో పిల్లలతో కొండలకు, అడవులకు పోతున్నారు. ఇక్కడి నుండి వెళ్ళిన తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ యాత్రలలో పాలు పంచుకొంటున్నారు. నేనును అట్టి తాతలలో ఒకడిని. ఆ యాత్రలో నాకు తెలిసివచ్చిన ఒక్క సంగతి చెప్పుటకే ఈ ప్రసంగం. అది ఏమనగా, నడిచే బండి నడిచి అరిగిపోతుంది; ట్రెయిలరు మాత్రం నిలిచి నిలిచి చెడిపోతుంది. ఆ చెడు కంటికి కనబడదు. తెలిసి వెదికినవారికే కనబడుతుంది.

2022 జూలై నెలలో టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాసు నుండి మా పెద్దవాని కుటుంబంతో గ్రాండ్ కేన్యన్ చూచుటకు బయలుదేరినాము. ట్రెయిలరు పాతదే గాని చూపునకు పొందికగా ఉన్నది. అమ్మినవాడు టైర్లు కొత్తవే అన్నాడు. మావాడు టైరు గాడులలో నాణెము గ్రుచ్చి లోతు చూచినాడు. నేనును వంగి చూచి, బాగున్నవని తల ఊపినాను. జీవితమంతా యంత్రాల మధ్య గడిపిన నా మాట మీద వానికి నమ్మకం. అమరిల్లో పట్టణం దాటి, న్యూ మెక్సికోలో ప్రవేశించి, టుకుంకారి అనే ఊరు సమీపిస్తూండగా, మిట్టమధ్యాహ్నం, వెనుక తుపాకి పేలినట్లు చప్పుడైనది. బండి ఒక్కసారి ప్రక్కకు గుంజినది. వెనుక సీటులో ఇద్దరు మనుమలు నిద్రపోతున్నారు.

మావాడు అదృష్టవశాత్తు బ్రేకు అదిమి త్రొక్కలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకొని, వేగాన్ని దానంతట అది తగ్గనిచ్చి, మెల్లగా బాట అంచుకు చేర్చినాడు. దిగి చూతుము గదా, కుడివైపు వెనుక టైరు పైపట్ట తోలు ఒలిచినట్లు ఊడివచ్చి, తిరిగే చక్రంతో పాటు కొరడావలె కొట్టి, చక్రం మీది రేకును చీల్చి, వంటింటి బీరువా క్రింది నేలను పగులగొట్టినది. పొయ్యికి పోయే గ్యాసు గొట్టం వంగిపోయి ఉన్నది. కదలుటకు ముందు సిలిండరు కట్టివేయుట మా కోడలి అలవాటు. ఆ అలవాటే ఆనాడు మమ్ములను కాపాడినదని నేటికీ నా నమ్మకం.

సహాయానికి వచ్చిన ముసలి మెకానిక్కు మిగిలిన మూడు టైర్లనూ చూచి, గాడులను తాకనైనా తాకలేదు. మోకాళ్ళ మీద కూర్చుండి, టైరు ప్రక్కగోడ మీది నాలుగంకెలను వ్రేలితో చూపించినాడు. 2313 అని ఉన్నది. అనగా ఆ టైరు 2013వ సంవత్సరం ఇరవై మూడవ వారంలో తయారైనది. మేము కొత్తదనుకొన్న టైరుకు తొమ్మిదేళ్ళు నిండినవి! అందులో ఎక్కువ కాలము అది ఎవరి పెరటిలోనో ఎండలో ఒక్క చోటనే నిలిచి ఉండవలెను. నడువలేదు గనుక గాడులు అరగలేదు. అరగలేదు గనుక మేము మోసపోయినాము.

నిలిచి ఉన్న టైరు ఎందుకు చెడిపోవలెనని శ్రోతలు అడుగవచ్చును. రబ్బరు సజీవ వృక్షపు పాలనుండి వచ్చిన పదార్థం. ఈనాడు దానిలో కృత్రిమ రబ్బరు కూడా కలుస్తున్నది. 1839లో చార్లెస్ గుడియర్ గంధకం చేర్చి వేడిచేసి దానిని గట్టిపరచే మార్గం కనిపెట్టినాడు. 1845లో రాబర్ట్ థామ్సన్, తిరిగి 1888లో జాన్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంట్లు పొందినారు. ఎంత గట్టిపరచినా, గాలిలోని ఆమ్లజని, ఓజోను వాయువులు, ఎండ వేడిమి రబ్బరును మెల్లమెల్లగా పెళుసు చేస్తూనే ఉంటవి. దీనికి విరుగుడుగా తయారుచేసేవారు రబ్బరులో ఒక విధమైన మైనాన్ని, రక్షక ద్రవ్యాలను కలుపుతారు. టైరు దొర్లుతూ వంగుతూ ఉన్నప్పుడు ఆ ద్రవ్యాలు లోపలినుండి పైకి ఊరి, ఉపరితలాన్ని కాపాడుతూ ఉంటవి. టైరు నిలిచిపోయినచో ఆ ఊట తగ్గిపోతుంది. అప్పుడు ప్రక్కగోడలలో వెంట్రుకల వంటి బీటలు పుడతవి. లోపలి పొరల మధ్య పట్టు కూడా సడలుతుంది. దానిని చూచుటకు మనకు కన్ను లేదు. అందువలననే ట్రెయిలరు టైర్లను గాడుల లోతుతో నిమిత్తం లేకుండా అయిదారేండ్లకు మార్చివేయుట మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు.

వయస్సు మొదటి శత్రువైతే, గాలి తక్కువగుట రెండవ శత్రువు. టైరు నేలను తాకేచోట చదునవుతుంది. పైకి లేవగానే తిరిగి గుండ్రనవుతుంది. ట్రెయిలర్లకు సాధారణంగా వాడే ఒక పరిమాణపు టైరు మైలుకు ఏడువందల చుట్లకు పైగా తిరుగుతుంది. అనగా గంటకు 60 మైళ్ళ వేగంలో నిమిషానికి ఏడువందలసార్లు దాని ప్రతి భాగమూ వంగి లేస్తుంది. గాలి తగ్గినకొద్దీ ఈ వంపు ఎక్కువవుతుంది. ఒక తీగను అటూ ఇటూ వంచితే ఎట్లు వేడెక్కి తెగుతుందో, టైరు కూడా అట్లే వేడెక్కుతుంది. ఆ వేడికి పొరలు విడిపోతవి. మేము విన్న చప్పుడు ఒక క్షణంలో పుట్టినది కాదు. అది ఎన్నో మైళ్ళనుండి టైరు లోపల తయారవుతూ వచ్చినది.

లెక్క ఒకటి చెప్పినచో ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఎస్‌టి 225/75 ఆర్ 15 అనే టైరు, ‘డి’ తరగతిది, చదరపు అంగుళానికి 65 పౌనుల గాలితో 2,540 పౌనుల బరువు మోయగలదు. నాలుగు టైర్లకు 10,160 పౌనులు. అదే టైరులో గాలి 50 పౌనులకు దిగినచో దాని శక్తి 2,150 పౌనులే. నాలుగింటికీ కలిపి 8,600. గాలి పదిహేను పౌనులు తగ్గినందున పదిహేనువందల పౌనులకు పైగా బరువు మోసే శక్తి హరించిపోయినదన్నమాట. చూచుటకు ఆ టైరు కొంచెము కూడా వంగినట్లు కనబడదు. కనుక కంటితో చూచి, కాలితో తన్ని పరీక్షించే పద్ధతి మానవలెను. గాలి కొలిచే గేజి ఒకటి ఎల్లప్పుడూ దగ్గర ఉండవలెను.

గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే, అనగా ఉదయం బయలుదేరకముందే కొలువవలెను. నడిచిన తరువాత వేడికి ఒత్తిడి సహజంగా పెరుగుతుంది. అది చూచి గాలి తీసివేయుట పొరపాటు. వాతావరణం పది ఫారెన్‌హీటు డిగ్రీలు చల్లబడితే ఒత్తిడి సుమారు నూటికి రెండు వంతులు తగ్గుతుంది. కావున చలికాలంలో నింపిన లెక్క వేసవికి, వేసవి లెక్క చలికాలానికి పనికిరాదు. ఎంత నింపవలెనో ట్రెయిలరు గోడకు అంటించిన చీటీ మీద ఉంటుంది. 65 పౌనులకు మించి నింపే టైర్లకు మామూలు రబ్బరు వాల్వులు చాలవు. లోహపు వాల్వులు వేయించవలెను.

ఇక్కడ మరొక తేడా గమనించవలెను. 2008 నమూనా నుండి అమెరికాలో అమ్మే కార్లన్నిటిలో గాలి తగ్గితే హెచ్చరించే దీపం ఉండి తీరవలెనని శాసనం ఉన్నది. ఆ నిర్బంధం ట్రెయిలర్లకు లేదు. కారు టైరు మెత్తబడితే స్టీరింగు చేతికి చెబుతుంది. వెనుక వచ్చే ఇంటి టైరు మెత్తబడితే నడిపేవానికి ఏమీ తెలియదు. వాల్వు మూతల స్థానంలో బిగించి, డ్రైవరు ఎదుట అంకెలు చూపే చిన్న పరికరాలు విడిగా దొరుకుతవి. మా ప్రమాదం తరువాత మావాడు కొన్న మొదటి వస్తువు అదే.

మూడవ శత్రువు బరువు. ఒక గాలను నీరు ఎనిమిది పౌనులకు పైగా తూగుతుంది. నలబై గాలనుల తొట్టి నింపితే మూడువందల ముప్పది పౌనులు ఎక్కినట్లే. దానికి తోడు బియ్యపు సంచి, ప్రెషరు కుక్కరు, పచ్చళ్ళ జాడీలు, పిల్లల సైకిళ్ళు! మనవారు ప్రయాణమంటే ఇంటిలో సగం కట్టుకొని బయలుదేరుతారు గదా. అక్కడ లారీలు ఆగే విశ్రాంతి స్థలాలలో పెద్ద కాటాలు ఉంటవి. సామాను సర్దిన తరువాత ఒక్కసారి తూయించి చూచుకొనుట ఉచితం. బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. మొత్తం బరువులో నూటికి పది నుండి పదిహేను వంతులు ముందరి కొక్కెం మీద పడవలెను. సామాను వెనుకకు చేర్చి కొక్కెమును తేలిక చేసినచో ట్రెయిలరు రహదారి మీద తోక ఆడించినట్లు అటూ ఇటూ ఊగి, ముందరి బండిని కూడా లాగివేయగలదు.

టైరు మార్చేటప్పుడు కారు టైరు వేయరాదు. ట్రెయిలరు కొరకు చేసిన టైరు మీద ‘ఎస్‌టి’ అని అక్షరాలుంటవి. రెండు ఇరుసుల ట్రెయిలరు ఇరుకు మలుపు తిరిగేటప్పుడు చక్రాలు దొర్లవు, నేల మీద ప్రక్కకు ఈడ్చబడతవి. ఆ ఈడ్పుకు తట్టుకొనుటకే దీని ప్రక్కగోడలు గట్టిగా చేస్తారు. చాలా కాలం ఈ టైర్లన్నీ గంటకు 65 మైళ్ళ వేగానికే ఉద్దేశింపబడినవి. ఇప్పుడు కొన్నిటి మీద అంతకు మించిన వేగం అచ్చువేసి ఉంటుంది. అచ్చు లేనిచో 65 మైళ్ళను హద్దుగా భావింపవలెను. అదనపు టైరును కూడా మరువరాదు. అది ఒక్కరోజు నడువకపోయినా ముసలిదవుతూనే ఉంటుంది.

దారిలో చక్రం మార్చవలసి వస్తే ట్రెయిలరును ముందరి బండినుండి విడదీయరాదు. మనుష్యులను రోడ్డుకు దూరంగా నిలిపి, రెండవ ప్రక్క చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టవలెను. చక్రం నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, తరువాత జాకీ ఎత్తవలెను. జాకీని ఇరుసు గొట్టం క్రింద పెట్టరాదు, అది వంగుతుంది. చట్రం క్రింద పెట్టవలెను. తిరిగి బిగించేటప్పుడు వరుసగా గాక, ఒకదాని తరువాత దాని ఎదుటిదిగా, నక్షత్రం గీసిన క్రమంలో బిగించవలెను. అంతటితో పని అయిపోదు. పది మైళ్ళు, ఇరవై అయిదు మైళ్ళు, ఏబది మైళ్ళు నడిచిన తరువాత మళ్ళీ బిగువు చూడవలెను. చక్రం కుదురుకొన్నకొద్దీ నట్లు సడలుతవి. ఊడి దొర్లిపోయిన చక్రాల కథలలో పెక్కు ఈ ఒక్క మరపు వలన పుట్టినవే.

టైరు లోపల హబ్బు ఉన్నది. దానిలో శంకువు ఆకారపు రోలర్లుగల బేరింగులు తిరుగుతూ ఉంటవి. ఇరుసుకు కందెన ఎందుకో మన పల్లెలలో బండి తోలినవారికి చెప్పనక్కరలేదు. ఇక్కడ కందెనకు మారు గ్రీజు. సంవత్సరానికి ఒకసారి, లేక 12,000 మైళ్ళకు ఒకసారి, ఏది ముందు వస్తే అప్పుడు బేరింగులు తీసి, పాత గ్రీజు పూర్తిగా కడిగి, ఆరబెట్టి, కొత్తది రోలర్ల సందులలోనికి కూరవలెను. రెండు రకాల గ్రీజులు కలుపరాదు. తిరిగి అమర్చేటప్పుడు చక్రాన్ని త్రిప్పుతూ నట్టును గట్టిగా బిగించి, బేరింగు కుదురుకొన్న తరువాత వదులు చేసి, చివరకు చేతివ్రేళ్ళతో మాత్రమే బిగించి, చీల దోపవలెను. అతి బిగువు వేడి పుట్టిస్తుంది. అతి వదులు ఊగులాట తెస్తుంది. ప్రయాణంలో ఆగిన ప్రతిచోట నాలుగు హబ్బుల దగ్గరా అరచేతి వెనుక భాగం ఉంచి చూచిన చాలును. ఒకటి మాత్రం తక్కినవాటికంటె ఎక్కువ వేడిగా ఉన్నచో అక్కడ ఏదో రోగం ఉన్నట్లు.

బ్రేకులు సాధారణంగా విద్యుత్తుతో పనిచేస్తవి. ముందరి బండిలో బ్రేకు త్రొక్కగానే ట్రెయిలరు చక్రంలోని విద్యుదయస్కాంతం తిరిగే డ్రమ్మును అంటిపట్టుకొని, మీటను లాగి, బ్రేకు చెప్పులను విప్పార్చుతుంది. అయస్కాంతాలు అరుగుతవి, తీగల కొసలు త్రుప్పు పడతవి. కొక్కెం ఊడిపోయినచో వెంటనే బ్రేకు పడునట్లు ఒక సన్నని ఉక్కుతాడు, దానికొక మీట, ప్రత్యేక బ్యాటరీ ఉంటవి. తాడు లాగబడగానే మీటలోని పుల్ల ఊడివచ్చి విద్యుత్తు ప్రవహిస్తుంది. బ్యాటరీ చచ్చి ఉన్నచో ఈ ఏర్పాటంతా అలంకారమే. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా పుల్ల లాగి, చక్రాలు పట్టుకొంటున్నవో లేదో చూచుట మంచిది.

ఇంటి భాగానికి పెద్ద శత్రువు నీరు. కప్పు అతుకుల వద్ద, కిటికీల చుట్టూ పూసిన మెత్తని లప్పం ఎండకు బీటలు వారుతుంది. ఆ సందున దిగిన వానచుక్క గోడలోని చెక్కను నెలల తరబడి కుళ్ళబెట్టి, ఒకనాడు నేల మెత్తబడినప్పుడుగాని తెలియదు. వానకాలానికి ముందూ తరువాతా కప్పు మీద చూచి, పగుళ్ళను శుభ్రంచేసి, ఆ కప్పు పదార్థానికి తగిన లప్పమునే పూయవలెను.

ఇక నిలిపి ఉంచే కాలంలో తీసుకొనవలసిన జాగ్రత్తలు. టైర్లను సబ్బునీళ్ళతో కడిగి, తగిన గాలి నింపి, మట్టి మీద గాక చెక్కపలకల మీద నిలుపవలెను. చక్రాలకు ఎండ తగలకుండా తెల్లని తొడుగులు వేయవలెను. లోపలి బరువు తగ్గింపవలెను. వీలైనప్పుడెల్లా కొద్దిదూరం నడిపించవలెను. నల్లగా మెరవవలెనని పెట్రోలియం నూనెలతో చేసిన పూతలు పూయరాదు. అవి రబ్బరులోని రక్షక ద్రవ్యాలనే హరిస్తవి.

మేము ఆనాడు టుకుంకారిలో రాత్రి ఆగి, నాలుగు టైర్లూ కొత్తవి వేయించుకొని, మరునాడు ప్రయాణం సాగించినాము. గ్రాండ్ కేన్యన్ అంచున నిలిచి చూచినది మరువరానిదే. అయినా ఇంటికి వచ్చిన తరువాత నేను మొట్టమొదట చేసిన పని వేరు. మా ఇంటి షెడ్డులో నాలుగు సంవత్సరాలుగా ఎక్కువ భాగం కదలక నిలిచి ఉన్న నా కారు దగ్గరకు పోయి, లాంతరు పట్టుకొని ప్రక్కగోడ మీది నాలుగంకెలు చదివినాను. మన దేశంలో అమ్మే టైర్ల మీద కూడా తయారైన వారం, సంవత్సరం ఇట్లే అచ్చువేసి ఉంటవి. గాడులు లోతుగానే ఉన్నవి. అంకెలు మాత్రం వేరు కథ చెప్పినవి. మరునాడే మార్పించినాను.

మీ ఇంట కదలక నిలిచి ఉన్న బండి ఏదైనా ఉన్నచో, పిల్లలను దానిలో ఎక్కించుటకు ముందు, ఆ నాలుగంకెలు ఒక్కసారి చదివి చూడుడు. దానికి అరనిమిషం చాలును.